పాత బండి పంపుకు మందు లేతు కాడ ఉన్నది

యమహా ఆర్15 మన దేశంల దిగింది 2008ల. గప్పటి నీళ్లతోని సల్లబడే బండ్లు ఇప్పుడు రెండో చెయ్యి, మూడో చెయ్యి మారి ఊర్లకొచ్చినయ్. వాటర్ పంపులు అరుగుతున్నయ్. 'పార్టు లేదు' అన్న ఒక్క మాటతోని బండి పాత ఇనుప సామాన్ల పాలైతాంది.

పంపు కింద చిన్న బొక్క ఉంటది. ఆడికెల్లి కూలెంట్ కారుతాందంటే సీలు పోయినట్టే. ఆయిల్ పాలు కలిపిన చాయ లెక్కయితే ఇంజన్ల నీళ్లు కలిసినయ్, ఇగ బండి స్టార్ట్ చెయ్యొద్దు. ఉత్త సీలు మారిస్తే సరిపోదు. సీలు రాసుకొని రాసుకొని షాఫ్టు మీద గాడి పడ్తది, గోరుతోని గీకితే తెలుస్తది. ఆ షాఫ్టుకే కొత్త సీలేస్తే మళ్ల కారుడే. అదే కొలతకు స్టెయిన్‌లెస్ స్టీలు రాడ్డు తిప్పిచ్చి, సీలు కూసునే జాగ నున్నగ పాలిష్ చేపియ్యాలె. బోరు మోటర్లకు షాఫ్టులు, బుష్షులు చేసే లేతు మేస్త్రికి గిదేం కొత్త పని గాదు. బేరింగు మీద నంబరుంటది, దుకాణంల అడిగితే ఇస్తరు.

మరి సర్కారేం చేసింది? కేంద్రం 2022 జులైల 'రైట్ టు రిపేర్' కమిటీ ఏసింది, డిసెంబర్ల పోర్టల్ తెరిచింది. అండ్ల ట్రాక్టర్లు, బండ్లు గూడ ఉన్నయ్. మంచిదే. గని పోర్టల్ పెట్టుడు వేరు, పాత మోడల్ పార్టుల కొలతలు బయటపెట్టాలని కంపెనీల మెడలు వంచుడు వేరు. షాఫ్టు మొత్తం అరిగినంక మేస్త్రి దేన్ని చూసి కొలవాలె? గందుకే మీ బండి పంపు మంచిగున్నప్పుడే, ఎప్పుడన్న విప్పితే, వెర్నియర్ పెట్టి కొలిపిచ్చి ఫోన్ల రాసిపెట్టుకోండ్రి.