పచ్చని చెరువులో పొంచి ఉన్న విషం
నాచు తెట్టుపై పల్లెల్లో అవగాహన కరవు... నీటి పరీక్షల్లోనూ దానికి చోటు లేదు

చోడవరం: వేసవి ముదిరి చెరువులు అడుగంటేకొద్దీ నీటి రంగు మారిపోతుంది. గాలివాటు ఒడ్డున పచ్చరంగు ఒలకబోసినట్లు తెట్టు కడుతుంది. అనకాపల్లి జిల్లా చోడవరం పరిసర గ్రామాల వారికి ఇది కొత్త దృశ్యమేమీ కాదు. ‘పాచి పట్టింది’ అని సరిపెట్టుకొని అదే నీటిలో పశువులను దించుతారు, బట్టలు ఉతుకుతారు. అయితే ఆ తెట్టులోని కొన్ని రకాలు కాలేయాన్ని ఛిద్రం చేసే విషాన్ని తయారుచేస్తాయన్నది శాస్త్రం నిర్ధారించిన సత్యం.

మిత్రుడే... శత్రువూ!
నీలి ఆకుపచ్చ నాచును శాస్త్రజ్ఞులు సయనోబ్యాక్టీరియా అంటారు. రైతుకు ఇది చిరకాల మిత్రుడు. వరి మడిలో గాలిలోని నత్రజనిని పైరుకు అందించేది, అజొల్లా ఆకులో దాగి దానిని పచ్చిరొట్ట ఎరువుగా మార్చేది ఈ జాతి జీవులే. ఇదే జాతికి చెందిన మైక్రోసిస్టిస్ వంటివి మాత్రం మైక్రోసిస్టిన్లు అనే పెప్టైడ్లను ఉత్పత్తి చేస్తాయి. ఏడు అమైనో ఆమ్లాలు వలయంగా అల్లుకున్న అణువులివి. వీటిలో రెండు వందలకు పైగా రూపాలను ఇప్పటికే గుర్తించారు. పైత్యరస లవణాలను మోసే మార్గం గుండా ఇవి కాలేయ కణాల్లోకి చొరబడి, అక్కడి కీలకమైన ఎంజైములను స్తంభింపజేస్తాయి. దాంతో కణాల కట్టడం కూలి, కాలేయంలో రక్తస్రావం జరుగుతుంది.

చరిత్ర చెప్పిన పాఠాలు
ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సు నీరు తాగి పశువులు చనిపోతున్నాయని 1878లోనే జార్జ్ ఫ్రాన్సిస్ అనే పరిశోధకుడు లోకానికి తెలిపాడు. 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో సరిగా శుద్ధి కాని నీటితో డయాలిసిస్ చేయగా 131 మంది రోగుల్లో 116 మంది అస్వస్థులయ్యారు. 50 మందికి పైగా కన్నుమూశారు. అమెరికాలోని టొలీడో నగరంలో 2014 ఆగస్టులో సుమారు నాలుగైదు లక్షల మందిని కుళాయి నీరు తాగవద్దని అధికారులు హెచ్చరించాల్సి వచ్చింది. 2020లో బోట్స్‌వానాలో దాదాపు 330 ఏనుగుల మృతికి నాచు విషమే కారణమని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. మన హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లోనూ మైక్రోసిస్టిస్ విజృంభణను శాస్త్రవేత్తలు నమోదు చేశారు.

మరిగిస్తే పోదు
పల్లెల్లో నీటిని కాచి తాగితే చాలన్న నమ్మకం ఉంది. సూక్ష్మక్రిములకు అది సరైన మందే. ఈ పెప్టైడ్లు మాత్రం మరిగించినా చెక్కుచెదరవు. పైగా నాచు కణాలు పగిలి విషం నీటిలో కలుస్తుంది. పాచిని చంపేందుకు మైలుతుత్తం చల్లినా జరిగేది ఇదే. నాచు చచ్చి నీరు తేటగా కనిపించిన రోజే ప్రమాదం ఎక్కువగా ఉండవచ్చు. నాచు కణాలు పగలకుండా ముందుగా వడగట్టడం, ఉత్తేజిత బొగ్గుతో శుద్ధి చేయడం, తగినంత సమయం క్లోరిన్ పట్టించడం సరైన మార్గాలు.

తాగునీటిలో మైక్రోసిస్టిన్-ఎల్‌ఆర్ లీటరుకు ఒక మైక్రోగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లోనే సూచించింది. కానీ గ్రామాల్లో వాడే నీటి పరీక్ష కిట్లు క్లోరిన్, ఫ్లోరైడ్, నైట్రేట్ వంటివి తెలుపుతాయే తప్ప ఈ విషాన్ని పసిగట్టలేవు. శారదా నదిపై ఉన్న రైవాడ జలాశయం విశాఖ నగరానికి తాగునీరు అందిస్తోంది. అందువల్ల ఎగువ గ్రామాల చెరువులు, వాగుల శుభ్రత పల్లెకే పరిమితమైన వ్యవహారం కాదు.

మూలం మన చేతిలోనే
పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువులు, ఊరి మురుగు, పశువుల పేడ నీటిలో నత్రజని, భాస్వరం పెంచుతాయి. నిలకడ నీరు, ఎండ తోడైతే నాచుకు పండగే. కాబట్టి మురుగు కాలువలను చెరువుల్లోకి వదలకపోవడం, మోతాదు మించి ఎరువులు వేయకపోవడం అసలైన నివారణ. పచ్చని తెట్టు కనిపిస్తే పశువులను ఆ ఒడ్డుకు తోలరాదు, పిల్లలను ఈతకు దించరాదు. ప్రతి పాచీ విషపూరితం కాదు. ఏది విషమో కంటితో తేల్చలేము గనుకనే ఈ జాగ్రత్త.

నాచు పెప్టైడ్లన్నీ హంతకులూ కావు. సముద్రపు నాచులో దొరికే డోలాస్టాటిన్ నమూనాగా రూపొందించిన పదార్థం ఇమిడి ఉన్న ఒక క్యాన్సర్ మందుకు అమెరికాలో 2011లో ఆమోదం లభించింది. ప్రాణం తీసే గుణాన్నే ప్రాణం నిలిపేందుకు మలిచారు. పరిశోధనశాలలకు అందిన ఈ జ్ఞానం చెరువు గట్టుకూ చేరాలి. వేసవికి ముందే గ్రామీణ నీటి సరఫరా, పశుసంవర్ధక శాఖలు కలిసి చెరువుల నీటి నమూనాలు సేకరించి పరీక్ష చేయించాలి. పశువులు పడిపోయాక చేసే పరీక్ష శవపరీక్షే అవుతుంది.