మేస్త్రీ పోసిన మట్టి

కొత్త ఇల్లు కట్టుకున్నవారికి గృహప్రవేశమై నెల తిరక్కముందే ఒక కోరిక పుడుతుంది. ఇంటిముందు పచ్చిక పరిపించాలి, సాయంత్రంపూట దానిమీద నాలుగు కుర్చీలు వేసుకుని కాఫీ తాగాలి అని. ముచ్చటైన కోరికే, కాదనను. మా కొత్తకోటలో హైదరాబాదు-కర్నూలు రోడ్డుకు అటూ ఇటూ ఇళ్లు లేచినచోటల్లా ఈ ముచ్చట కనిపిస్తూనే ఉంది. నర్సరీ నుంచి గడ్డి చాపలలాగా చుట్టుకుని వస్తుంది. పరుస్తారు. రెండు నెలలు కళకళలాడుతుంది. శివరాత్రి దాటగానే రంగు మారుతుంది. ఉగాది పచ్చడినాటికి ఎండుగడ్డి!

మా వీధిలో ఒకావిడ మూడేళ్లలో మూడుసార్లు ఈ తతంగం నడిపించారు. మూడోసారి కూడా ఎండిపోయాక, "సారూ, మన ఊరి మన్నే మంచిగ లేదు" అని తేల్చేశారు. ఊరి మట్టిమీద ఎంత నింద! నిజానికి ఆవిడ ఇంటిముందు ఉన్నది ఊరి మట్టే కాదు, మేస్త్రీ పోసిన మట్టి.

ఇల్లు కట్టేటప్పుడు ఏం జరుగుతుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. పునాదులకు నాలుగైదు అడుగులు తవ్వుతారు. ఏళ్ల తరబడి ఆకూ అలమూ కుళ్లి, వానపాములు తిరిగి, కాస్తో కూస్తో సారం పట్టినది పైన జానెడు మట్టి మాత్రమే. తవ్వకంలో అది అడుగుకు పోతుంది, అడుగున ఉన్న మొరం పైకి వస్తుంది. చాలకపోతే ఇంకో నాలుగు ట్రాలీల మొరం తెప్పించి మెరక చేస్తారు. దానిమీద సిమెంటు కలిపిన నీళ్లు పారతాయి, సున్నం ఒలుకుతుంది, ఇటుక ముక్కలు పడతాయి, ఇసుక లారీలు తొక్కుతాయి. చివరకు పైపైన రెండంగుళాల ఎర్రమట్టి చల్లి, "తోటకు తయారు" అని తాళాలు చేతిలో పెడతారు. పాపం, ఆ గడ్డి మూడు నెలలు బతకడమే గొప్ప.

ఇక అసలు ఊరి మట్టి సంగతి. 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, ఇప్పుడు వనపర్తి జిల్లాలో చేరిన మన ప్రాంతమంతా నల్లసేనపు రాతి దేశం. ఆ రాయి వేల సంవత్సరాలు ఎండకూ వానకూ చివికితే ఏర్పడినదే చెలక. మన రైతులు నేలను చూసి పేరు పెట్టడంలో నిఘంటుకారులకు తీసిపోరు. చెలక, దుబ్బ, రేగడి, చవుడు అని నాలుగు మాటలతో ఏ నేలలో ఏం పండుతుందో, ఎన్ని రోజులు పదును నిలుస్తుందో కూడా చెప్పేస్తారు. చెలకలో ఇసుక పాలెక్కువ. నీళ్లు చప్పున ఇంకుతాయి, చప్పున ఆరిపోతాయి. వాన వెలిశాక పైన అట్ట కడుతుంది, మొలక దాన్ని చీల్చుకుని రాలేదు. సేంద్రియ పదార్థం తక్కువ, నత్రజని తక్కువ. ఇన్ని లోపాలున్నా వేళ్లకు గాలి బాగా ఆడే నేల అది. పటాన్‌చెరువులో 1972లో ఏర్పడిన ఇక్రిసాట్ పరిశోధన క్షేత్రంలో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. దేని గుణం దానిది. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే రేగడిలో బొప్పాయి, నిమ్మ వేళ్లు నీరు నిలిచి కుళ్లుతుంటే, అవే మొక్కలు చెలకలో హాయిగా పెరుగుతాయి.

మీ ఇంటి దగ్గర ఉన్నది ఏమిటో తెలుసుకోవడానికి ఖర్చు అక్కరలేదు. ఒక గాజు సీసాలో మూడోవంతు మట్టి వేసి, నీళ్లు నింపి, చిటికెడు బట్టల సబ్బుపొడి వేసి బాగా కుదిపి కదలకుండా పెట్టండి. నిమిషంలో అడుగుకు చేరేది ఇసుక. రెండు గంటలలో దానిమీద పేరుకునేది ఒండ్రు. మర్నాటిదాకా నీళ్లలో తేలుతూ మెల్లగా దిగేది బంకమట్టి. పిల్లలకు దీనికంటే మంచి సైన్సు పాఠం లేదు. రెండో పరీక్ష ఇంకా ముఖ్యం. అడుగు లోతు గుంట తవ్వి నీళ్లు నింపండి. ఇంకిపోయాక మళ్లీ నింపి గడియారం చూడండి. గంటకు ఒకటి నుంచి మూడంగుళాలు దిగితే దిగులు లేదు. అర అంగుళం కూడా దిగకపోతే కింద మొరం గట్టిపడి ఉందన్నమాట. అప్పుడు గడ్డపార పట్టవలసిందే, ఎరువులతో పని కాదు.

చెలకకు మన పెద్దలు కనిపెట్టిన మందు చెరువు మట్టి. వేసవిలో చెరువు ఎండగానే బండ్లమీద పొలాలకు తోలేవారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయతో ట్రాక్టర్లమీద మళ్లీ అదే పని జరిగింది. ఊరి పొలాల మీదనుంచి వానకు కొట్టుకుపోయిన సారమే చెరువులో పూడికగా చేరుతుంది. దాన్ని తిరిగి పైకి తేవడం అప్పు వసూలు చేసుకోవడం వంటిదే. గుంట నేలమీద అంగుళం మందాన పరవడానికి ఇంచుమించు ఒక ట్రాలీ పడుతుంది. తెచ్చేముందు అనుమతి అడగండి. తెచ్చాక చాలామంది పైన పరిచి ఊరుకుంటారు. అలా చేస్తే ఆ పొర కింద నీరు దిగదు, పైన బురద. అంగుళం చెరువు మట్టి, అంగుళం బాగా చివికిన పశువుల ఎరువు వేసి ఆరంగుళాల లోతు కలియతవ్వాలి. ఒకసారి తడిపి పదిహేను రోజులు ఆగితే చెరువుతోపాటు వచ్చిన తుంగ మొలుస్తుంది. దాన్ని గడ్డతో సహా పెరికేయాలి. ఎరువు పచ్చిదైతే చెదలు చేరతాయి. చెదలను తేలిక చేయకండి, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి అంతటి చెట్టుకే 2018లో సెలైన్ సీసాలతో చెదల మందు ఎక్కించవలసి వచ్చింది.

మట్టి బాగుపడ్డా నీళ్లు పాడుచేసే సందర్భం ఒకటుంది. బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లని పొర కడుతున్నదా? ఆ సున్నమే రోజూ మొక్క మొదట్లోకి పోతున్నది. కొన్నాళ్లకు మల్లె, గులాబీ, నూరువరహాల లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి తక్కినదంతా పాలిపోతుంది. అది ఇనుము లోపం. మన మట్టికి ఎరుపు వచ్చిందే ఇనుము తుప్పువల్ల కదా, లోపమేమిటి అంటారేమో! ఉంది, కాని సున్నపు మట్టిలో అది కరగదు, వేరు తాగలేదు. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, కాస్త నిమ్మరసం కలిపి వారానికొకసారి సాయంత్రంపూట ఆకులమీద చల్లితే రెండు మూడు విడతలలో రంగు తిరుగుతుంది. గచ్చుమీద పడనీయకండి, ఆ మరక పోదు. సందేహముంటే అయిదారుచోట్ల ఆరంగుళాల లోతునుంచి మట్టి తీసి, కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో మూటగట్టుకుని పక్కనే మదనాపురంలో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రం వారిని సంప్రదించండి. ఉదజని సూచిక ఏడుకు అటూ ఇటూ ఉంటే చాలు. ఎనిమిది దాటితే జాగ్రత్త.

ఇప్పుడు పచ్చిక దగ్గరకు రండి. ఒక చదరపు మీటరుమీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. వేసవిలో పచ్చిక రోజుకు అయిదు మిల్లీమీటర్లయినా తాగుతుంది. గుంటెడు పచ్చిక అంటే సుమారు వంద చదరపు మీటర్లు, అంటే రోజుకు 500 లీటర్లు! ఏడాదికి 600 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే ఊళ్లో, వీధి చివరివారు ఏప్రిల్‌లో ట్యాంకరు కోసం కాచుకుని ఉండగా, గడ్డికి రెండున్నర డ్రమ్ములు పోయడం నాకు సబబుగా తోచదు. గుంటలో నాలుగోవంతు చాలు. మిగిలినచోట చెలకకు అలవాటుపడ్డ మొక్కలు పెట్టండి. బాలానగర్ పేరు చెప్పగానే నోరూరే సీతాఫలం మన గుట్టలమీద ఎవరు నీళ్లు పోస్తే కాస్తున్నది? ఉసిరి, జామ, మునగ, కరివేపాకు, నందివర్ధనం, కాగితంపూలు, అన్నీ ఈ నేల బిడ్డలలాగే పెరుగుతాయి. గన్నేరు కూడా పెరుగుతుంది కాని విషం, చిన్నపిల్లలున్న ఇంట వద్దు.

ఆ నాలుగోవంతుకు చాపలు చుట్టిన ఖరీదైన గడ్డి దేనికి? వినాయక చవితికి వెతికి వెతికి కోసుకొచ్చే గరికే మంచి పచ్చిక. ఎండకు, ఉప్పునీటికి, తొక్కుడుకు తట్టుకుంటుంది. వేసవిలో వాడినా తొలకరికి మళ్లీ లేస్తుంది. జూన్‌లో రెండు వానలు పడ్డాక కణుపులున్న ముక్కలు తుంచి, నాలుగేసి అంగుళాల దూరంలో గుచ్చి, చేత్తో అదమండి. నేల కప్పుకునేదాకా, అంటే సుమారు రెండు నెలలు, దానిమీద కాలు పెట్టనీయకండి. మొదటి కోత మరీ మొదలంటా కోయవద్దు. రెండంగుళాలు ఉంచితే మట్టికి అదే నీడ.