బొమ్మలు గీయు విద్య కూడు పెట్టునా?

సంవత్సరాంతమున పదవ తరగతి విద్యార్థుల తలిదండ్రులు మమ్ము తఱచుగా నడుగు ప్రశ్న యొక్కటే: "అయ్యా, మావాని నే గ్రూపులోఁ జేర్పింపవలెను?" ఈ ప్రశ్నకు ఎం.పి.సి., బై.పి.సి. యను రెండుత్తరములే కలవని బంట్వారము మొదలు తాండూరు వఱకు ననేకులు నమ్ముచున్నారు. మూఁడవ యుత్తరము నొకదానిని నేఁడు చదువరుల యెదుట నుంచుచున్నాము. అదియే దృశ్యకళయు, డిజైను విద్యయును.

కొన్ని యేండ్ల క్రిందట మా తరగతిలో నొక బాలిక యుండెను. బావినీరు చెడిపోవు విధమును మేము గంటసేపు చెప్పినను గ్రహింపని చిన్నపిల్లలు, ఆమె యొక యట్టపై గీసిన పటమును జూచి యప్పుడే గ్రహించిరి. మేము మెచ్చుకొంటిమి, పిమ్మట లెక్కలలో మార్కులు తక్కువయని మందలించితిమి. చిత్రలేఖనపు గంటను పరీక్షల ముందు లెక్కలకుఁ దీసికొన్నవారమును మేమే. ఆమె తనకు రుచింపని చదువులోఁ జేరి, రెండవ యేఁట మానివేసెను. ఆ దోషమున మాకును భాగము కలదని యొప్పుకొని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ విద్య యనఁగా గోడకుఁ దగిలించు పటములు గీయుట మాత్రమే కాదు. మందుసీసాపై మోతాదును ముసలివారికిఁ గూడఁ దెలియునట్లు ముద్రించుట, బస్సు బోర్డును దూరమునుండి చదువఁగల యక్షరములతో వ్రాయుట, పాఠ్యపుస్తకపు పుట నమర్చుట, ఫోను తెరపై నే మీట యెచ్చట నుండవలెనో నిర్ణయించుట, ఇవన్నియు దీని పనులే. తెలుగక్షరమునే చూడుఁడు. పైన గుడులును, క్రింద వత్తులును నుండుటచే దానికి ఇంగ్లీషు పంక్తికంటె నెక్కువ యెడము కావలెను. ఆ సంగతి యెఱుఁగక పంక్తులను దగ్గఱగాఁ బేర్చినచో పై పంక్తి వత్తు క్రింది పంక్తి గుడిని దాఁకి చదువరిని బాధించును. దీనిని సరిదిద్దుటకుఁ దెలుగు బాగుగా వచ్చిన డిజైనరే కావలెను.

మన ప్రాంతమునకే యీ విద్యతో నవసరము కలదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు సంచిమీఁదఁ గొనువాని కంటఁ బడకున్న మన పప్పు ఏ యూరి పప్పుతోనైనను గలిసిపోవును. రైతునకుఁ దక్కవలసిన ధర దక్కదు.

"ఇది పట్టణపువారి చదువు, మనకేల?" యందురు కొందఱు. రాజమహేంద్రవరమునఁ బుట్టిన దామెర్ల రామారావును (1897-1925) అచ్చటి ప్రభుత్వ కళాశాలాధ్యక్షుఁడు ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి ప్రోత్సహింపకున్న, అతఁడు బొంబాయిలోని జె.జె. కళాశాలకుఁ బోయి యుండునా? ఇరువదియేడేండ్లకే కన్నుమూసినను ఆంధ్ర చిత్రకళకు మార్గము చూపి పోయెను. మనకు మఱింత సమీపమున, మెదకు ప్రాంతపు నిజాంపురమున 1940లో జన్మించిన లక్ష్మాగౌడుగారు హైదరాబాదులోను బరోడాలోను జదివి, తమ పల్లె మనుష్యులనే గీసి దేశవిఖ్యాతులైరి; 2016లో పద్మశ్రీ నందిరి. పల్లెటూరు వారికి అడ్డంకి కాలేదు, మూలధనమే యయినది.

చదువుటకుఁ దావులును గలవు. హైదరాబాదు మాసాబ్ ట్యాంకు నందలి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయమున అప్లైడ్ ఆర్టు, చిత్రకళ, శిల్పము మొదలగు శాఖలలో నాలుగేండ్ల పట్టము కలదు; ప్రవేశపరీక్షలో గీయుటయు ముఖ్యమే. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి. హైదరాబాదు డిజైనులోఁ బట్టము నిచ్చుచున్నది. దాని ప్రవేశమునకైన యూసీడ్ పరీక్షను ఇంటర్మీడియటులో నే గ్రూపు చదివినవారైనను వ్రాయవచ్చును. ఐ.ఐ.టి. యనిన లెక్కలవారిదే యని తలంచు తలిదండ్రు లీ మాటను మఱల నొకసారి చదువుదురు గాక!

అయినను మేము గ్రుడ్డిగాఁ బ్రోత్సహించువారము కాము. లక్షలు గైకొని పేరునకు మాత్రమే పాఠములు చెప్పు సంస్థలును గలవు. ఫీజు కట్టుటకు ముందు అచ్చటి విద్యార్థులు చేసిన పనులను జూడుఁడు. చదివి వెడలినవారు ఏమి చేయుచున్నారో విచారింపుఁడు. నేఁడు కంప్యూటరే మాట చెప్పిన బొమ్మ వేయుచున్నది గదా యని యడుగవచ్చును. నిజమే. కనుకనే చేతినేర్పు మాత్రము చాలదు. ఎవరికొఱకు, ఏమి చెప్పవలెనో యాలోచించు బుద్ధి ప్రధానమగుచున్నది. ఆ బుద్ధిని బెంచుటయే మంచి కళాశాల పని.

విద్యార్థులారా! మీకీ విద్యపై నిజముగా మక్కువ యున్నచో దినమున కొక్క పుటయైన గీయుఁడు. సంతలోని తక్కెడ, శహాబాదు బండలు పఱచిన యింటి యరుఁగు, కందిచేను, మీ యవ్వ చేతులు, ఇవి మీ పాఠములు. తెలుగును శ్రద్ధగాఁ జదువుఁడు. భాష రానివాఁడు ఇతరులకు దేనిని దెలుపఁగలఁడు?

తలిదండ్రులారా! నోటుపుస్తకపు వెనుక పుటలోని బొమ్మను జూచి కోపపడుటకు ముందు ఒక్క నిమిషము దానిని దేఱిపాఱఁ జూడుఁడు. మేమును ఇఁకమీఁదఁ జిత్రలేఖనపు గంటను లెక్కలకుఁ దీసికొనమని మాట యిచ్చుచున్నాము. ఆ బాలికకు మేము చేయలేని మేలు ఆమె తరువాతివారికైనఁ జేయుదము.