మూలనపడ్డ పీసీకి కాపలా కొలువు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. అప్‌గ్రేడ్‌కు నోచుకోని పీసీలను తూకానికి అమ్మేయడం తొందరపాటే. వాటిని నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్‌గా మార్చుకోవచ్చు.

స్విట్జర్లాండ్‌కు చెందిన మాన్యుయెల్ కాస్పర్ 2003లో ‘మోనోవాల్’ అనే ఓపెన్‌సోర్స్ ఫైర్‌వాల్ విడుదల చేశాడు. దానికి 64 ఎంబీ ర్యామ్ సరిపోయేది. సెట్టింగులన్నీ ఒకే ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఇమిడేవి. 2015లో అది ఆగినా, ఆ వంశంలోని పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ నేటికీ నడుస్తున్నాయి.

వాటికి 64 బిట్ ప్రాసెసర్, రెండు లాన్ పోర్టులు కావాలి. ఒకదానికి మోడెమ్ వైరు, రెండోదానికి ఆఫీసు స్విచ్. లోపలివాళ్లు అడగని కనెక్షన్ గుమ్మంలోనే ఆగిపోతుంది.

కరెంటు ఖర్చూ చూసుకోవాలి. పాత డెస్క్‌టాప్ నిరంతరం 50 వాట్లు లాగితే నెలకు 36 యూనిట్లు. అందుకే తక్కువ కరెంటుతో నడిచే చిన్న థిన్ క్లయింట్ పెట్టెలు మేలు.

ప్రభుత్వ బడులు కొత్త ఫైర్‌వాల్ పరికరం కొనేముందు, పాత పీసీని ఫైర్‌వాల్‌గా మార్చే పనిని తమ కంప్యూటర్ ల్యాబులోనే, పిల్లల చేతే చేయించాలి. అరిగిపోయిన హార్డ్‌డిస్కు బదులు చిన్న ఎస్‌ఎస్‌డీ వేస్తే చాలు.