స్కోరింగ్ సబ్జెక్టు కాదంటున్నారు

పిల్లలు కాలేజీలో ఐచ్ఛిక సబ్జెక్టులు ఎంచుకునే రోజుల్లో మన ఇళ్లల్లో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "అది స్కోరింగా, కాదా?" అప్లైడ్ లీనియర్ ఆల్జీబ్రా అనే కోర్సు ఈ ప్రశ్న దగ్గరే ఓడిపోతోంది. సీనియర్లు వద్దంటారు. చుట్టాలు వద్దంటారు. ఆడపిల్ల అయితే "ఎందుకమ్మా నీకంత కష్టం" అని ఇంకాస్త ప్రేమగా వద్దంటారు. నా కోపమంతా ఆ ప్రేమ మీదే. మీ అమ్మాయి ఈ కోర్సు తీసుకుంటానంటే అడ్డుపడకండి, గ్రేడు కాస్త తగ్గినా సరే.

తెలుగు బీఏ చదివినావిడకి లెక్కల గొడవ ఎందుకంటారేమో. మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. తీసుకోవాలా వద్దా అని ఇంట్లో పంచాయితీ నడుస్తుంటే, అందులో ఏముందో చూడకుండా తీర్పు చెప్పడం నాకు నచ్చలేదు. స్టీఫెన్ బాయిడ్, లీవెన్ వాండెన్‌బర్గ్ అనే ఇద్దరు అమెరికా ప్రొఫెసర్లు ఈ విషయం మీద 2018లో తెచ్చిన పాఠ్యపుస్తకం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఎంఐటీలో గిల్బర్ట్ స్ట్రాంగ్ చెప్పిన పాఠాల వీడియోలూ ఉచితమే. ఆ పెద్దాయన 2023లో, 88 ఏళ్ల వయసులో చివరి పాఠం చెప్పి రిటైరయ్యారు. మధ్యాహ్నాలు నేనూ అమ్మాయీ కూర్చుని కొన్ని అధ్యాయాలు చూశాం.

మొదట నన్ను పట్టుకున్నది మాట. మేట్రిక్స్ అనే పేరు 1850లో సిల్వెస్టర్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు పెట్టాడు. లాటిన్‌లో దానికి గర్భం అని అర్థం. మన పుస్తకాల్లో దాన్ని మాత్రిక అంటారు. అందులోనూ అమ్మే వినిపిస్తుంది నాకు. సరే, భాషాభిమానం పక్కన పెడతాను.

ఇంటర్‌లో మాత్రికలు పిల్లలు బాగానే చేస్తారు. క్రామర్ పద్ధతి, విలోమ మాత్రిక, గాస్-జోర్డాన్... ఏది అడిగినా మూడు సమీకరణాలు, తెలియనివి మూడు, జవాబు ఒక్కటి. మా అమ్మాయికి జవాబు పూర్ణాంకం రాకపోతే ఎక్కడో తప్పు చేశానని వెనక్కి వెళ్లి వెతుక్కోవడం అలవాటు. ఎందుకంటే అక్కడ ప్రతి లెక్కా జవాబు వచ్చేలా ముందే అమర్చి పెట్టినదే.

ఈ కోర్సు ఆ అలవాటు మానిపిస్తుంది. ఎలాగో మన బజారు లెక్కలోనే చెబుతాను. నేను 2 కిలోల ఉల్లిపాయలు, కిలో టమాటాలు కొని 110 రూపాయలిచ్చాను. పక్కింటావిడ కిలో ఉల్లి, 3 కిలోల టమాటాలకి 130 ఇచ్చింది. ఉల్లి కిలో 40, టమాటా 30 అని ఇట్టే తేలుతుంది. ఇది ఇంటర్ లెక్క. ఇప్పుడు ఎదురింటావిడ వచ్చి, కిలో ఉల్లి, కిలో టమాటాలకి 74 ఇచ్చానంటుంది. మన ధరల ప్రకారం 70 కావాలి కదా! మూడు బిల్లులూ కలిసే ధర ఎక్కడా లేదు. ఇంటర్ పుస్తకం అయితే ఇక్కడ "సాధన లేదు" అని రాసి గీత గీసేస్తుంది.

కానీ రేపు బజారుకి వెళ్లేటప్పుడు ఒక అంచనా కావాలి కదా. అందుకే ఈ కోర్సు ప్రశ్న మార్చేస్తుంది. ముగ్గురి బిల్లుల్లో వచ్చే తేడాలను ఒక్కొక్కటిగా వర్గం చేసి కూడితే, ఆ మొత్తం అన్నిటికన్నా తక్కువయ్యే ధరలేవి? వర్గం ఎందుకంటే ఎక్కువా తక్కువా కొట్టుకుపోకుండా, పెద్ద తేడా పెద్దగానే లెక్కకొచ్చేలా. వేసి చూస్తే టమాటా 30, ఉల్లి సుమారు 40 రూపాయల 67 పైసలు. ఇది ఏ ఒక్కరి బిల్లుకీ సరిగ్గా సరిపోదు. అయినా పాత ధరలతో 16 ఉన్న ఆ మొత్తం 13.33కి దిగింది. దీన్ని కనిష్ఠ వర్గాల పద్ధతి అంటారు. 1801లో కనిపించి సూర్యుడి వెలుగులో కనుమరుగైన సెరెస్‌ని, గాస్ అనే జర్మన్ కుర్రాడు వేసిన లెక్కతోనే ఆ ఏడాది చివర మళ్లీ ఆకాశంలో పట్టుకున్నారు. ఉన్న కొద్దిపాటి కొలతల్లోంచి దారిని అంచనా కట్టాడు. కొలతల్లో పొరపాట్లు ఉంటాయని ఒప్పుకునే కట్టాడు.

ఇరవై ఏళ్లుగా ఇల్లు నడుపుతున్నదాన్ని, నాకిది కొత్తగా అనిపించలేదు. అత్తగారి మందులు, పిల్లల ఫీజులు, ఊళ్లో పెళ్లి, అన్నిటికీ సరిగ్గా సరిపోయే జీతం ఏ నెలా రాదు. మనం నోటి లెక్కతో సర్దేదాన్ని వెయ్యి అంశాలున్నా సర్దగలిగే శాస్త్రం ఉందంటే ముచ్చటేసింది. పైగా ఆడవాళ్లకి అందని శాస్త్రమేం కాదు. ఓల్గా టౌస్కీ అనే గణితజ్ఞురాలు రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులో విమానాలు గాలిలో ప్రమాదకరంగా అదిరే సమస్య మీద మాత్రికలతోనే పనిచేసింది.

మా ఆడపడుచు భయం వేరు. "వదినా, సీజీపీఏ పడిపోతే ఇంటర్వ్యూకే పిలవరు" అంటుంది. ఆ భయాన్ని నేను తీసిపారేయను. కానీ ఆ లెక్క కూడా వేసి చూద్దాం. డిగ్రీ మొత్తం 120 క్రెడిట్లు, ఈ సబ్జెక్టు 4 క్రెడిట్లు అనుకుంటే, ఇందులో రెండు గ్రేడ్ పాయింట్లు పోయినా మొత్తం సగటులో తగ్గేది 0.07 లోపే. క్రెడిట్ల వరుసనీ గ్రేడ్ల వరుసనీ జతజతగా గుణించి కూడి, మొత్తం క్రెడిట్లతో భాగించడమే సీజీపీఏ. ఆ గుణించి కూడడం ఈ కోర్సు మొదటి అధ్యాయంలోనే ఉంది.

నాకున్న అనుమానం మరొకటి. పేరు మాత్రం అప్లైడ్ అని పెట్టి, లోపల మళ్లీ ఇంటర్ లెక్కలే కాస్త పెద్దవి చేసి చేత్తో చేయించే కాలేజీలూ ఉంటాయి. అందుకని ఫారం మీద సంతకం పెట్టేముందు సిలబస్ కాగితం అడిగి తెప్పించుకోండి. అందులో కనిష్ఠ వర్గాలు ఉన్నాయా, నిజమైన కొలతలతో కంప్యూటర్ మీద చేయించే ల్యాబ్ ఉందా చూడండి. రెండూ లేకపోతే మేనత్తగారి మాటే నెగ్గనివ్వండి.