కంచ గచ్చిబౌలి: విద్యార్థుల మాట

హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణమును కలిసియున్న కంచ గచ్చిబౌలి భూమిని గూర్చి 2025వ సంవత్సరమున జరిగిన సంగతులు పాఠకులకు విదితములే. మార్చి 30వ తేదీన, ఉగాదినాడు, ఆ 400 ఎకరములలో యంత్రములు ప్రవేశించెను. పగలనక రాత్రియనక చెట్లు కూలినవి. అడ్డువెళ్లిన విద్యార్థులను పోలీసులు పట్టుకొనిపోయిరి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టువారు తమంత తాముగా కల్పించుకొని ఆపుచేయించునప్పటికి సుమారు నూరెకరములు బోడియైపోయినవి.

భూమి తమదని ప్రభుత్వమువారి వాదము. 2004లో క్రీడాభివృద్ధి పేర ఒక సంస్థకిచ్చి, 2006లో రద్దుచేసి, పిదప ఏండ్ల తరబడి వ్యాజ్యమాడి 2024లో గెలుచుకొంటిమనియు, రికార్డులలో ‘కంచ అస్తబల్ పోరంబోకు’ అని యున్నదే కాని అడవియని లేదనియు వారందురు. ఇందులో నిజము లేకపోలేదు. 1974లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయమునకు సుమారు 2,300 ఎకరములు చూపిరి కాని పట్టా చేయలేదు. పట్టాలేని భూమి గతి యేమగునో మన రైతులకు వేరుగ చెప్పబనిలేదు. అర్ధశతాబ్దము ఊరకున్న విశ్వవిద్యాలయాధికారులును ఇందుకు ఉత్తరవాదులే.

ఐనను విద్యార్థులు చెప్పినది పట్టా మాట యొక్కటియే కాదు. అచ్చట చుక్కల దుప్పులు తిరుగుచున్నవనిరి. నెమళ్లును, నక్షత్ర తాబేళ్లును, రెండువందలకు పైబడిన పక్షిజాతులును కలవనిరి. బండల నడుమ జారిన వాననీరు కుంటలకు చేరుచున్నదనిరి. వారు కోరినది పచ్చికపరచి పూలకుండీలు పేర్చిన ఉద్యానము కాదు. ఎవరును నీరుపోయక తనంతట పెరిగిన చిట్టడవిని అట్లే యుండనిండని వేడిరి. చదువుకొనుటకు వచ్చినవారికి దుప్పులతో నేమిపని యని వెక్కిరించిన పెద్దలును లేకపోలేదు. చెరువు సంగతి కరణము లెక్కలకన్న దినదినము గట్టుపై తిరుగు నీరటికి ఎక్కువ తెలియునని గ్రామవాసులు ఎరుగుదురు. ఈ భూమికి నీరటులు విద్యార్థులే.

‘అస్తబల్’ అనగా గుఱ్ఱపుసాల. ఒకప్పుడు గుఱ్ఱముల మేతకై వ్రాసికొన్న పేరు నేడు అచ్చట చెట్లున్నవో లేవో తేల్చుననుట వింతగా నున్నది. అడవియనగా నిఘంటువు చెప్పు అర్థమే గ్రాహ్యమనియు, యాజమాన్యము ఎవరిదైనను భేదములేదనియు 1996 డిసెంబరు 12వ తేదీన సుప్రీంకోర్టే తీర్పుచెప్పియున్నది. ఆ తీర్పును చదివినవారు వేలమునకు ముందు చెట్లను లెక్కింపింతురు. ఇచ్చట యంత్రములను ముందు పంపిరి.

విద్యార్థులతోను మాకొక మాట గలదు. భూమినంతయు విశ్వవిద్యాలయము పేర వ్రాయవలెనని వారి కోరిక. న్యాయమే. కాని పట్టా చేతికివచ్చిన పిదప ఆ విశ్వవిద్యాలయమే వసతిగృహములకనియు, భవనములకనియు ఏటేట ఇంత కొట్టివేయదను పూచీ ఏది? దస్తావేజులోనే ఇన్నియెకరములు ఎన్నడును కట్టడములకు వాడరాదని వ్రాయించుకొనవలెను. కొట్టివేసిన నూరెకరములలోను కొత్తమొక్కల ఉత్సవములు వలదు. అచ్చటి మోళ్లు చిగుర్చువఱకు పశువులను, పాదులు త్రవ్వువారిని లోనికి రానీయకున్న చాలును.