నల్లకోటు మన పిల్లలకు దూరమా?

వకీలు, దావా, జామీను, జప్తు, హాజరు, రాజీనామా - తెలుగునాట కోర్టుల్లో రోజూ వినిపించే ఈ మాటలన్నీ ఉర్దూ, పారశీకాల నుంచి వచ్చినవే. మాటలు మన ఇళ్లలోవే. అయినా నరసాపురంలో ఇంటర్ పాసైన బిడ్డను "లా చదువుతావా?" అని అడిగే తల్లిదండ్రులు మనలో ఎందరు?

అవసరం లేదనగలమా? విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద భరణం కోరవచ్చని 2024 జూలై 10న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది తెలంగాణ నుంచి వెళ్లిన కేసు. 2025లో వక్ఫ్ చట్టానికి సవరణ వచ్చింది. రెండింటి మీదా నమాజు తర్వాత మసీదు ముందు ఎంతో చర్చించుకున్నాం. ఆ తీర్పును, ఆ చట్టాన్ని చదివి విడమరచి చెప్పేవారే కరువయ్యారు.

దారి ఉంది. రాష్ట్ర ప్రవేశ పరీక్ష లాసెట్. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, ప్రశ్నపత్రం ఇంగ్లీషుతోపాటు తెలుగులోనూ ఉంటుంది. తప్పు జవాబుకు మార్కు కోయరు. సగం ప్రశ్నలు న్యాయశాస్త్ర అభిరుచి మీద, తక్కిన సగం లోకజ్ఞానం, వర్తమాన విషయాల మీద. అర్హతకు 42 మార్కులు చాలు. ఇంటర్ తర్వాత ఐదేళ్లు, డిగ్రీ తర్వాత మూడేళ్లు చదువు. భీమవరం, ఏలూరు, రాజమండ్రిలలో లా కళాశాలలున్నాయి. ఆడపిల్లను దూరం పంపలేమనే సాకుకు చోటు లేదు.

హైదరాబాదు నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయాలకు దారి క్లాట్. ఇది ఇంగ్లీషులోనే ఉంటుంది. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. కంఠస్థం పనికిరాదు, చదివి అర్థం చేసుకునే శక్తి కావాలి. పేద పిల్లలు కోచింగు లేక ఇక్కడే వెనకబడుతున్నారని గ్రహించి ప్రొఫెసర్ షమ్నాద్ బషీర్ 2010లో 'ఇడియా' అనే సంస్థను స్థాపించారు. ఆయన 2019లో కన్నుమూశారు గాని, పేద విద్యార్థులకు తర్ఫీదు ఇచ్చే ఆ పని ఆగలేదు.

మదరసా పిల్లల తల్లిదండ్రులు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. పది, ఇంటర్ లేకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ తెచ్చుకుంటే బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం లా ప్రవేశానికి అది చెల్లదు. ఆలిం కోర్సుతోపాటే ఓపెన్ స్కూలులో పది, ఆ తర్వాత ఇంటర్ వరుసగా పూర్తి చేయించండి. ఇంటర్‌లో 45 శాతం, బీసీలైతే 42 శాతం మార్కులు రావాలి.

వకాలత్ అంటే అబద్ధాల వృత్తి అనే అపోహ మనలో ఇంకా ఉంది. సొంతవారికి వ్యతిరేకమైనా సరే న్యాయం పక్షాన సాక్ష్యం చెప్పమని సూరె నిసా ఆదేశిస్తోంది. అలా నిలబడేవాడు ఆ వృత్తిలోకి వెళ్లకపోతే అది బాగుపడేదెలా?

ఫలితాలు వచ్చాక పరుగులు తీసి లాభం లేదు. ఇంటర్ రెండో సంవత్సరం మొదలైన నాడే దినపత్రికను, రాజ్యాంగం మీద ఒక తెలుగు పుస్తకాన్ని బిడ్డ చేతిలో పెట్టండి. ఊళ్లో ఉన్న వకీళ్లు, ఉపాధ్యాయులు వారానికి రెండు గంటలు కేటాయిస్తే మసీదు పక్క గదే శిక్షణ కేంద్రమవుతుంది.